బడిలో బొమ్మల తరగతి: నేర్పడం ఎలా, నిధులు కూడగట్టడం ఎలా

తెల్ల కాగితం ఇచ్చి నచ్చిన బొమ్మ వెయ్యమంటే మన బడుల్లో చాలామంది పిల్లలు వేసేది ఒకే బొమ్మ. రెండు కొండలు, వాటి నడుమ సగం సూర్యుడు, కొండల్లోంచి దిగివచ్చే ఏరు, ఏటి పక్కన గుడిసె, గుడిసె పక్కన కొబ్బరి చెట్టు, పైన టిక్కు గుర్తుల్లాంటి నాలుగు పక్షులు. నేను పనిచేసిన డెల్టా ఊళ్లో కనుచూపు మేరలో కొండన్నది లేదు. అయినా మొదటి రోజు ఆరో తరగతిలో 42 మందికి గాను 30 మందికి పైగా కొండలే వేశారు. వాళ్లు రోజూ ఈదులాడే కాలువ, దాటి వచ్చే లాకుల వంతెన, ఇంటి ముందరి వరికుప్ప, అమ్మ కూర్చుని రొయ్యలు వలిచే అరుగు, వీటిలో ఒక్కటీ కాగితం మీదికి రాలేదు. ఎప్పుడో ఎవరో నల్లబల్ల మీద గీసి చూపిన బొమ్మ అది. అక్క దగ్గర చెల్లి, అన్న దగ్గర తమ్ముడు నేర్చుకుంటూ ఇంతదూరం వచ్చింది.

డ్రాయింగ్ మాస్టారి పోస్టు లేని, లేదా పోస్టు ఉండీ ఖాళీగా పడివున్న ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల్లో పనిచేసే ఉపాధ్యాయుల కోసమూ, అటువంటి బడికి ఏదైనా చేద్దామనుకునే తల్లిదండ్రులు, పూర్వ విద్యార్థుల కోసమూ ఇది రాస్తున్నాను. బొమ్మలు వేయడం రాని ఉపాధ్యాయులు కూడా ఈ తరగతి నడపగలరు. చేతిలో పనితనం ఉంటే మంచిదే కాని, ఇక్కడ అంతకన్నా ఎక్కువ కావలసినది పిల్లలు వేస్తున్నదాన్ని ఓపికగా చూడగలిగే కన్ను.

ఒక క్రమాన్ని మాత్రం తప్పవద్దని కోరుతున్నాను. ముందు పది వారాలు పాఠం జరగాలి, ఆ తర్వాతే డబ్బు అడగాలి. చాలాచోట్ల ఇది తలకిందులుగా జరుగుతుంది. ముందు చందాలు వసూలవుతాయి, రంగుల పెట్టెలు వస్తాయి, పంచేటప్పుడు ఫొటో దిగుతారు, ఆ పెట్టెలు బీరువాలోకి వెళ్లి రెండో ఏటికి రాయిలా గడ్డకడతాయి. తరగతి నడుస్తూ ఉన్నచోట డబ్బు ఆలస్యంగానైనా వస్తుంది. డబ్బు మాత్రమే వచ్చినచోట తరగతి రావడం నేను చూడలేదు.

మొదటి అడుగు: గంట, చోటు, అనుమతి

ప్రధానోపాధ్యాయులతో మాట్లాడేటప్పుడు చట్టం మీ పక్షానే ఉందని గుర్తుంచుకోండి. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రకారం వంద మందికి మించి పిల్లలున్న ప్రాథమికోన్నత స్థాయి బడికి కళావిద్య కోసం పార్ట్‌టైమ్ బోధకుడు ఉండాలి. 2020 జాతీయ విద్యావిధానం పాఠ్య విషయాలకూ కళలకూ మధ్య గోడ ఉండకూడదని స్పష్టంగా చెప్పింది. ఈ మాటలు చూపించి పోస్టు తెచ్చుకోవడం మన చేతిలో లేకపోవచ్చు కాని, టైంటేబుల్‌లో ఒక చోటు అడగడానికి అవి చాలు.

అడిగేటప్పుడు వారానికి రెండు విడి పీరియడ్లు కాక, ఒకే రోజున వెంటవెంటనే వచ్చే రెండు పీరియడ్లు అడగండి. కాగితాలు పంచి, నీళ్లు పట్టి, రంగులు కలిపేసరికి పావుగంట, చివర కడిగి సర్దడానికి మరో పావుగంట పోతుంది. నలభై నిమిషాల పీరియడులో పిల్లవాడి చేతికి దక్కేది పది నిమిషాలే. శనివారం మధ్యాహ్నం చాలా బడుల్లో తేలికగా దొరుకుతుంది.

చోటు గురించి దిగులుపడనవసరం లేదు. బెంచీల కన్నా వరండా నేలే నయం, ఎందుకంటే నేల మీద కూర్చున్న పిల్లవాడికి చెయ్యి భుజం నుంచి కదులుతుంది, గీత పెద్దదవుతుంది. రెండు బకెట్లు, పాత పంచెలు చింపిన గుడ్డలు, గోడకు రెండు మేకులు కొట్టి కట్టిన నైలాన్ తాడు, బట్టలకు పెట్టే క్లిప్పులు సమకూర్చుకుంటే ఏర్పాటు పూర్తయినట్టే. తడి బొమ్మలు ఆరేదీ, ప్రదర్శన జరిగేదీ ఆ తాడు మీదే.

రెండో అడుగు: సామాను

మొదటి పది వారాలకు దాదాపు ఏమీ కొనకుండా గడపవచ్చు. ఒకవైపు ఖాళీగా ఉన్న పాత పరీక్ష పేపర్లు, శుభలేఖల వెనుక వైపులు, సుద్దముక్కలు, బొగ్గు, చెరువు బంకమట్టి ఉంటే పని సాగిపోతుంది. రంగులు కూడా వంటింట్లోనూ పెరట్లోనూ దొరుకుతాయి. పసుపు, జాజు మట్టి, ముగ్గుపిండి, పొయ్యి బొగ్గు, వేసవి మొదట్లో మోదుగ పూలు, ఏడాదిలో చాలా నెలలు శంఖుపూలు. తుమ్మ జిగురును రాత్రి నానబెట్టి వడగట్టి, ఆ నీళ్లలో రంగుపొడి కలిపితే కాగితానికి అతుక్కుంటుంది. ఉత్త నీళ్లలో కలిపితే ఆరిన తర్వాత పొడిగా రాలిపోతుంది.

ఈ రంగులతో ఒక పాఠం తప్పక చేయండి. తెల్ల కాగితం మీద పసుపు నీళ్లు పూయించి, ఆ పసుపు ఆరాక మీరే ఒక పుల్లతో సున్నపు తేట గీత గీయండి. పసుపు మీద ఆ గీత పిల్లల కళ్ల ముందే ఎర్రగా తేలుతుంది. ఇంట్లో పారాణి ఎలా కలుపుతారో తెలిసిన ఆడపిల్లలు నవ్వుతారు, మిగిలినవాళ్లు నోరు తెరుస్తారు. శంఖుపూల నీలం నీళ్లలో నిమ్మరసం పిండితే ఊదా, గులాబీ రంగులకు తిరుగుతుంది. సైన్సు మాస్టారిని ఆ రోజు పక్కన కూర్చోబెట్టుకుంటే ఆమ్లాలు, క్షారాల పాఠం సగం అక్కడే అయిపోతుంది. సున్నం మాత్రం పిల్లల చేతికి ఇవ్వకూడదు, కళ్లలో పడితే ప్రమాదం. పసుపు రంగు ఎండకు వెలిసిపోతుంది కనుక ఆ బొమ్మలను నీడలో దాచమని చెప్పండి.

ఇళ్లకు వేసే ఎనామిల్ పెయింటు పాత డబ్బాలు ఎవరైనా ఉచితంగా ఇస్తామన్నా తీసుకోకండి. పెయింట్లలో సీసం 90 పీపీఎంకు, అంటే పది లక్షల పాళ్లలో 90 పాళ్లకు, మించకూడదన్న నిబంధన మన దేశంలో 2016లోనే వచ్చింది కాని, మూలన పడివున్న పాత డబ్బాలో ఏముందో మనకు తెలియదు. పిల్లలకు ఇచ్చే రంగులు నీళ్లతో కడిగితే పోయేవిగా ఉండాలి.

ఇక కొనే సామాను లెక్క. అరవై మంది పిల్లలు, ఏడాదిలో ముప్పై తరగతులు అనుకుంటే 1,800 కాగితాలు కావాలి. జిరాక్స్ కాగితం తడికి ముడతలు పడుతుంది కనుక పెన్సిలు, పాస్టెల్ పనికి మాత్రమే దాన్ని వాడాలి. ఇరవై తరగతులకు 1,200 కాగితాలు, అంటే 500 కాగితాల కట్టలు మూడు. తడి రంగులు వాడే పది తరగతులకు మందపాటి డ్రాయింగు కాగితం 600 ముక్కలు కావాలి. పెద్ద షీటు ఒక్కొక్కటి నాలుగు ముక్కలుగా కోస్తే 150 షీట్లు సరిపోతాయి, అంగడిలో కోసి ఉన్నవి కొనడం కన్నా ఇది చవక. ఇద్దరికి ఒకటి చొప్పున 30 ఆయిల్ పాస్టెల్ పెట్టెలు, మనిషికొకటి చొప్పున 8వ నెంబరు గుండ్రటి బ్రష్షులు 60, నలుగురికి ఒకటి చొప్పున అరంగుళం బల్లపరుపు బ్రష్షులు 15 తీసుకోండి. పోస్టర్ కలర్లు అరలీటరు సీసాల్లో ఎరుపు, పసుపు, నీలం రెండేసి, తెలుపు మూడు, నలుపు ఒకటి చాలు. ఆకుపచ్చ, నారింజ, ఊదా సీసాలు కొనవద్దు. అవి కొంటే పిల్లలకు రంగు కలపడం నేర్చుకునే అవసరమే ఉండదు.

మూడో అడుగు: ఏ వయసుకు ఏం ఆశించాలి

బొమ్మలు నేర్పేవారు ముందుగా తెలుసుకోవలసినది పిల్లల గీత వయసుతో మారే తీరు. రెండు నుంచి నాలుగేళ్ల వరకు గీతలు గిలకడమే ఆనందం. నాలుగైదేళ్లకు పెద్ద గుండ్రటి తల, దాని నుంచి నేరుగా కాళ్లు మొలిచిన మనిషి వస్తాడు. ఏడు, ఎనిమిదేళ్లకు కాగితం అడుగున నేల గీత వస్తుంది, మనుషులూ చెట్లూ ఇళ్లూ దాని మీద వరసగా నిలబడతాయి. అమ్మను పెద్దగా, ఇంటిని చిన్నగా వేస్తారు. గోడలోంచి లోపలి మంచం కనిపిస్తుంది. కడుపుతో ఉన్న అమ్మను వేస్తే పొట్టలో పాపాయి కూడా కనిపిస్తుంది. ఇవేవీ తప్పులు కావు. పిల్లలు కంటికి కనిపించేదాన్ని కాక తమకు తెలిసినదాన్ని వేస్తున్నారన్న మాట.

తొమ్మిది, పదేళ్ల దగ్గర మలుపు వస్తుంది. అప్పటి వరకు హుషారుగా వేసిన పిల్లలే ఉన్నట్టుండి "నాకు రాదు సార్" అనడం మొదలుపెడతారు. తమ బొమ్మ అసలు వస్తువులా లేదని వాళ్లకు ఆ వయసులో తెలుస్తుంది. ఐదు నుంచి ఏడో తరగతి వరకు ఉన్న ఈ వయసులో చెయ్యి పట్టుకునేవారు లేకపోతే చాలామంది జన్మలో మళ్లీ బొమ్మ వేయరు. అందుకే మీకు ఒక్క తరగతికే సమయం దొరికితే ఆరో తరగతిని ఎంచుకోమంటాను.

నాలుగో అడుగు: పది వారాల పాఠం

మొదటి వారం కాగితం వద్దు. ఆవరణలో ఇసుకలో పుల్లతో, వరండాలో సుద్దముక్కతో గీతలు గీయించండి. వాన పడుతున్న గీత, ఎద్దు నడుస్తున్న గీత, అమ్మకు కోపం వచ్చిన గీత అని అడగండి. బొమ్మ కాదు, గీత మాత్రమే. చెరిపేస్తే పోతుంది కనుక పిల్లలకు భయం ఉండదు.

రెండో వారం చూడడం నేర్పాలి. ప్రతి ఒక్కరూ ఒక ఆకు తెచ్చుకుని, ముందు ఐదు నిమిషాలు దాన్ని చూస్తూ ఊరికే కూర్చోవాలి. ఈనెలు ఎదురెదురుగా బయల్దేరాయా, ఒకటి తప్పించి ఒకటా, అంచు నున్నగా ఉందా రంపంలా ఉందా, పురుగు ఎక్కడ తిన్నది అని అడగండి. ఆ తర్వాత వెయ్యమనండి. నా తరగతిలో ఒక పాప వేపాకుల రెమ్మ వేసింది. కాగితం చిన్నదై కొన పట్టకపోతే రెమ్మను ఆపలేదు, వెనక్కి తిప్పి రెండో వైపు కొనసాగించింది. పదకొండు జతల ఆకులు, చివర రాలిపోయిన ఆకు ఒకటి ఉండవలసిన చోట చిన్న చుక్క. ఆ చుక్క ఏమిటని అడిగితే "అక్కడ ఉండేది సార్, మొదలు మిగిలింది" అంది. తరగతిలో అంతకుముందు మూడు నెలలుగా గొంతు విప్పని పిల్ల ఆమె.

మూడో వారం ముగ్గు. మన చేతిలో ఉన్న కళల్లో ఇంత లెక్క దాగి ఉన్నది మరొకటి లేదు. చుక్కలు లెక్కపెట్టడం, వరసల అమరిక, గీత చుక్కను చుట్టి మళ్లీ మొదలైన చోటికే చేరడం, ఎడమ కుడి సమానంగా రావడం, ఇదంతా పిల్లల తల్లులకు చేతిలో ఉన్న విద్య. ఇద్దరు ముగ్గురు తల్లులను ఆ రోజు పాఠం చెప్పడానికి పిలవండి. మగపిల్లలు కూడా తప్పనిసరిగా ముగ్గు వేయాలి. బడి గడప దాటడానికి మొహమాటపడే తల్లులు ఉపాధ్యాయురాలి స్థానంలో నిలబడడం ఆ పిల్లలకు ఎంత గర్వమో చూసి తెలుసుకోవలసిందే. నిధుల సంగతి వచ్చినప్పుడు పాఠశాల యాజమాన్య కమిటీలో మీ తరఫున మాట్లాడేది కూడా ఈ తల్లులే.

నాలుగో వారం మూడు రంగుల నుంచి ఎన్ని రంగులు వస్తాయో చూడడం. బొమ్మ వేయించకండి, చిన్న చిన్న గళ్లు నింపించండి. ఒక్క ఆకుపచ్చలోనే వరినారు పచ్చ, చింతాకు పచ్చ, మామిడాకు పచ్చ, నాచు పచ్చ కలిపి చూపమనండి. ఐదో వారం బంకమట్టి. ఎద్దును గాని, కుండను గాని చేయిస్తే సరిపోతుంది. ఆరో వారం బెండకాయను అడ్డంగా కోసి రంగులో ముంచి అచ్చులు వేయించండి. అంచు, మధ్య భాగం, మూల అన్న అమరిక ఆ అచ్చులతోనే బోధపడుతుంది. మచిలీపట్నం, పెడన కలంకారీలో చెక్కిన టేకు అచ్చులతో జరిగేది కూడా ఇదే పనని ఆ బట్ట ముక్క ఒకటి తెచ్చి చూపించండి.

ఏడు, ఎనిమిది వారాలు కథాపటానికి ఇవ్వండి. సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాషీ కళాకారులు వేసే పటాలు పొడుగ్గా చుట్టలా ఉండి, కథ చెప్పేవారు విప్పుకుంటూ పోతుంటే ఒక్కొక్క ఘట్టం బయటపడేలా ఉంటాయి. బట్టకు సుద్దమట్టి, గంజి, చింతగింజల అంబలి, జిగురు పట్టించి, దాని మీద బొమ్మ వేస్తారు. వెనుక పరుచుకున్న ఎరుపు ఆ పటాల గుర్తు. పిల్లలు ఆరేసిమంది జట్టుగా కాగితాలు అతికించి ఊరి కథ ఒకటి పటంగా వేయాలి. మా పిల్లల్లో ఒక జట్టు తుపాను వచ్చిన రాత్రి వేసింది. మరో జట్టు చేపల చెరువులో మోటారు పోయిన రోజు వేసింది. కొండల మధ్య సూర్యుడు ఆ తర్వాత మా బడిలో కనిపించలేదు.

తొమ్మిదో వారం ఇంట్లో పనిచేసే ఒకరి చేతులను చూసి వెయ్యమనండి, ముఖం అక్కర్లేదు. పదో వారం ఎంపిక. ప్రతి పిల్లా పిల్లవాడూ తన బొమ్మల్లో ప్రదర్శనకు ఒకటి తానే ఎంచుకుని, ఎందుకు ఎంచుకున్నారో రెండు వాక్యాలు రాయాలి. ఉపాధ్యాయుడు ఎంచితే ముచ్చటగా ఉన్నవి వస్తాయి. పిల్లలు ఎంచితే వాళ్లకు ముఖ్యమైనవి వస్తాయి.

పక్కన నిలబడేవారు ఏం మాట్లాడాలి

పిల్లవాడి కాగితం మీద మీరు గీత గీయకండి. వాడి పెన్సిలు తీసుకుని చేపకు మొప్ప సరిచేశారంటే ఆ చేప మీదైపోతుంది. ఎలా వెయ్యాలో చూపక తప్పకపోతే వేరే కాగితం మీద వేసి, వెంటనే పక్కన పెట్టేయండి. "బాగుంది" అన్న ఒక్క మాటతో సరిపెట్టకండి. "ఈ నీలం రెండు చోట్ల రెండు రకాలుగా ఉంది, ఎలా చేశావు?" అని అడగండి. "ఇదేంటి?" అని కాక "దీని గురించి చెప్పు" అనండి. మార్కులు, ర్యాంకులు వద్దని నా గట్టి అభిప్రాయం. పోటీ పెట్టిన రోజున ముగ్గురు గెలుస్తారు, 57 మంది మానేస్తారు. తొమ్మిదో తరగతికి వచ్చిన పిల్లలు కావాలనుకుంటే బడి పిల్లలకు జాతీయ స్థాయిలో జరిగే కళా ఉత్సవ్ వంటి పోటీలకు, ప్రభుత్వ డ్రాయింగ్ లోయర్, హయ్యర్ గ్రేడ్ పరీక్షలకు వెళ్లవచ్చు. అది వేరే దారి.

రాజమహేంద్రవరంలో గోదావరి దగ్గరున్న దామెర్ల రామారావు చిత్రాల గ్యాలరీకి వీలైతే పిల్లలను తీసుకువెళ్లండి. 1897లో పుట్టి 1925లోనే మశూచితో కన్నుమూసిన ఆ చిత్రకారుడిలోని ప్రతిభను గుర్తించి, బొంబాయి జె.జె. చిత్రకళాశాలకు వెళ్లమని ప్రోత్సహించినవాడు రాజమండ్రి ఆర్ట్స్ కళాశాల ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే. అడివి బాపిరాజు కూడా కూల్డ్రే శిష్యుడే. ఒక బడిలో పట్టించుకున్న మాస్టారు ఒకరుండడం వల్ల ఏం జరిగిందో చెప్పడానికి మనకు ఇంత దగ్గరలో ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు.

ఐదో అడుగు: చుట్టుపక్కల కళాకారులను పిలవడం

మన ప్రాంతంలో ప్రతి మూలా ఒక విద్య ఉంది. కొండపల్లిలో తెల్ల పొణికి చెక్కను మలిచి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో బొమ్మ అవయవాలు అతుకుతారు. ఏటికొప్పాకలో అంకుడు కర్రను తిప్పుతూ లక్క రంగులు పట్టిస్తారు. శ్రీకాళహస్తిలో కరక్కాయ, పాలు పట్టించిన బట్ట మీద బెల్లం, తుప్పు ఇనుము ఊరబెట్టి తీసిన కసిమితో కలం నడిపితే ఆ గీత నల్లగా మారుతుంది. నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేస్తారు. మీకు దగ్గరగా ఉన్నది ఏదైతే దాన్ని పిలవండి. కుండలు చేసేవారు, బుట్టలు అల్లేవారు ఉన్నా అంతే విలువ.

వారికి పారితోషికం ఇవ్వాలి. బడి పని కదా, ఊరికే వచ్చి చూపిస్తారులే అనుకోవడం అన్యాయం. ఒక రోజు మన దగ్గర గడిపితే వారికి ఒక రోజు పని పోతుంది. రోజు కూలి, దారి ఖర్చులు, సామాను ఖర్చు ముందే మాట్లాడుకుని, ఆ రోజు సాయంత్రమే చేతిలో పెట్టండి. బడ్జెటులో ఈ పద్దు కాగితాల కన్నా ముందు రాయండి.

ఆరో అడుగు: ప్రదర్శన

వరండాలో కట్టిన తాడుకు పటాలు క్లిప్పులతో తగిలించి, ప్రతి దాని కింద పిల్లలు రాసిన రెండు వాక్యాలు అతికిస్తే ప్రదర్శన సిద్ధం. వేదిక, శాలువాలు, ఉపన్యాసాలు వద్దు. సాయంత్రం ఐదు తర్వాత పెట్టండి, అప్పుడైతే పొలం నుంచి, చెరువుల నుంచి వచ్చినవారు చూడగలరు. చూడ్డానికి వచ్చినవారిని పిల్లలే తిప్పి చూపించాలి. ఆ రోజు హుండీ పెట్టవద్దు, చందా మాట ఎత్తవద్దు. ఆసక్తి చూపినవారి పేర్లు మాత్రం ఒక పుస్తకంలో రాయించుకోండి.

ఏడో అడుగు: నిధులు

మొదట కాగితం మీద లెక్క ఉండాలి. మీకు దగ్గరి పట్టణంలో రెండు అంగళ్లలో ధరలు రాయించుకుని, పైన చెప్పిన సామాను, కళాకారుల పారితోషికం కలిపి మొత్తం తేల్చండి. ఉదాహరణకు అది 18,000 రూపాయలకు తేలిందనుకుందాం. అరవై మందికి పంచితే మనిషికి ఏడాదికి 300, పది నెలల బడికి నెలకు 30 రూపాయలు. పద్దెనిమిది వేలు అని అడిగితే వెనకాడేవారు కూడా, ఒక పిల్లకు నెలకు ముప్పై అంటే తామెంత మందికి ఇవ్వగలరో లెక్క వేసుకుంటారు.

రెండోది తీర్మానం. విద్యాహక్కు చట్టం ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులో సంరక్షకులో ఉండాలి, సభ్యుల్లో సగం మంది మహిళలు ఉండాలి. ఏ పనికి, ఎంత, ఏ ఖాతాలోకి, ఎవరి సంతకాలతో అన్నది ఆ కమిటీ సమావేశంలో రాసుకోండి. ఉపాధ్యాయుల సొంత ఖాతాలోకి, సొంత ఫోన్‌పే నెంబరుకు ఒక్క రూపాయి కూడా రాకూడదు. నాకు తెలిసిన ఒక నిజాయతీపరుడైన మాస్టారు తొందరలో తన నెంబరు ఇచ్చి, పైసా తినకపోయినా రెండేళ్లపాటు సంజాయిషీలు చెప్పుకోవలసి వచ్చింది.

మూడోది, ఎవరిని ఏ వరసలో అడగాలన్నది. బడికి ఇప్పటికే వచ్చే డబ్బుతో మొదలుపెట్టండి. బడుల కోసం కేంద్రం నడిపే సమగ్ర శిక్ష పథకం కింద పిల్లల సంఖ్యను బట్టి ప్రతి ప్రభుత్వ బడికీ ఏటా కాంపోజిట్ గ్రాంటు, అంటే బడి ఖర్చులన్నిటికీ కలిపి ఇచ్చే డబ్బు, వస్తుంది. అందులో కనీసం పదో వంతు పారిశుద్ధ్యానికి పోవాలి, మిగతా దానిలో బోధన సామగ్రికి చోటుంది. కాగితాలు, సుద్దముక్కల ఖర్చు అక్కడ పెట్టించగలిగితే బయట అడగవలసిన మొత్తం తగ్గుతుంది.

తర్వాత ఊరు. ఊళ్లో డబ్బు కాక వస్తువులు అడగండి. స్టేషనరీ అంగడి వారిని కాగితం కట్టలు, ప్రెస్సు వారిని కోత కాగితాలు, వడ్రంగిని చెక్క ముక్కలు అడిగితే కాదనరు. ఆ తర్వాత పూర్వ విద్యార్థులు. ఆంధ్రలో సంక్రాంతికి, తెలంగాణలో దసరాకు ఊరు విడిచి వెళ్లినవారందరూ తిరిగి వస్తారు. రెండో ప్రదర్శన ఆ సెలవుల్లో ఒక పూట పెట్టి, చూసి వెళ్లినవారికి వారంలోగా ఉత్తరం రాయండి. ఈ మాత్రం ఉంటే చాలు:

"అయ్యా, అమ్మా, మన బడిలో 6, 7 తరగతుల పిల్లలు 60 మంది జూలై నుంచి ప్రతి శనివారం బొమ్మలు వేస్తున్నారు. వారు వేసిన పటాలు పండుగ రోజుల్లో మీరు చూశారు. ఈ పని ఏడాది పొడవునా సాగడానికి కావలసిన సామాను పట్టిక, ధరలతో సహా, దీనితో జతచేశాము. ఒక పిల్లకు నెలకు 30 రూపాయలు అవుతుంది. మీరు వస్తువుగా ఇచ్చినా, కమిటీ ఖాతాకు పంపినా రశీదు ఇస్తాము. మార్చి నెలాఖరులోగా ఖర్చుల లెక్క మీకు పంపుతాము."

ఉత్తరంలో పిల్లల పేదరికం గురించి రాయకండి. వారు చేసిన పని గురించి రాయండి.

ప్రభుత్వ, ఎయిడెడ్ బడులు కేంద్ర విద్యాశాఖ విద్యాంజలి పోర్టల్‌లో నమోదై, తమకు కావలసిన వస్తువులనూ, స్వచ్ఛందంగా వచ్చి నేర్పేవారినీ అడగవచ్చు. ప్రస్తుత రూపంలో ఇది 2021 సెప్టెంబరులో మొదలైంది. "కళా సామగ్రి" అని రాసి వదిలేయకుండా "8వ నెంబరు గుండ్రటి బ్రష్షులు 60" అని రాస్తే ఇచ్చేవారికి స్పష్టంగా ఉంటుంది.

కంపెనీల సామాజిక బాధ్యత నిధుల విషయానికి వస్తే, 2013 కంపెనీల చట్టం 135వ సెక్షను కింద నికర విలువ 500 కోట్లు, లేదా టర్నోవరు 1,000 కోట్లు, లేదా నికర లాభం 5 కోట్లు ఉన్న, లేదా దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఖర్చు చేయాలి. ఆ డబ్బు వేటికి ఖర్చు చేయవచ్చో చెప్పే ఆ చట్టం ఏడో షెడ్యూలులో విద్యా ఉంది, సంప్రదాయ కళల అభివృద్ధీ ఉంది. తమ చుట్టుపక్కల ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలనీ ఉంది. కాబట్టి మీ మండలంలో ఫ్యాక్టరీ ఉన్న కంపెనీనే ముందు అడగండి. ఒక్క బడికి 18,000 అడిగితే వారి కార్యాలయంలో ఫైలు కదలదు. పది బడులు కలిసి మూడేళ్ల పథకంగా అడగడం మేలు. డబ్బు మరో సంస్థ ద్వారా ఖర్చు చేయించేటప్పుడు ఆ సంస్థకు సీఎస్ఆర్-1 నమోదు, అంటే ఈ సామాజిక బాధ్యత నిధులు ఖర్చు చేయడానికి ప్రభుత్వం దగ్గర చేసుకునే నమోదు, ఉండాలి, అందువల్ల జిల్లా విద్యాశాఖాధికారి గారి అనుమతితో, నమోదైన స్వచ్ఛంద సంస్థతో కలిసి వెళ్లండి.

విదేశాల్లో ఉన్న మన ఊరివారి దగ్గర ఒక జాగ్రత్త తప్పనిసరి. భారత పౌరసత్వం ఉన్నవారు తమ సొంత సంపాదనను బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కింద రాదు. అమెరికా, ఆస్ట్రేలియా వంటి దేశాల పౌరసత్వం తీసుకున్నవారు, భారత సంతతి విదేశీ పౌరులకు ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, ఇచ్చేది విదేశీ విరాళమే; 2010 విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద నమోదు, లేదా ముందస్తు అనుమతి ఉన్న సంస్థే దాన్ని తీసుకోవాలి. పాస్‌పోర్టు ఏ దేశానిదని అడగడం మొహమాటంగా ఉంటుంది కాని అడిగి తీరాలి. పన్ను రాయితీ వస్తుందని కూడా నోటిమాటగా హామీ ఇవ్వకండి. గుర్తింపు పొందిన సంస్థకు ఇస్తేనే అది వర్తిస్తుంది, 2,000 రూపాయలకు మించిన నగదుకూ, వస్తురూపంలో ఇచ్చినదానికీ వర్తించదు.

ఎనిమిదో అడుగు: లెక్క చూపడం, పిల్లలను కాపాడుకోవడం

ఒక స్టాకు రిజిస్టరు, ఒక రశీదు పుస్తకం, బిల్లులు అతికించిన ఒక నోటు పుస్తకం ఉంటే చాలు. మార్చిలో ఒకే పేజీ లెక్క రాసి బడి నోటీసు బోర్డు మీద పెట్టి, ఇచ్చిన ప్రతివారికీ పంపండి. మిగిలిన డబ్బు ఎంతో కూడా రాయండి.

దాతలు వచ్చినప్పుడు పిల్లలను ఎండలో నిలబెట్టి రంగుల పెట్టెలు అందించే ఫొటోలకు ఒప్పుకోకండి. పిల్లల ముఖాలు, పూర్తి పేర్లు తల్లిదండ్రుల అనుమతి లేకుండా వాట్సాప్ గ్రూపుల్లోకి పోకూడదు. బొమ్మల ఫొటోలు చాలు. దాత ఫొటో చూసి బొమ్మ వెయ్యమని, కంపెనీ గుర్తు రంగులు నింపమని ఎవరడిగినా మర్యాదగా కాదనండి. ఎవరైనా ఒక పటం కొంటామంటే అది ఆ పిల్లదే కనుక ఇస్తావా అని ముందు తననే అడగాలి. ఇవ్వనంటే అక్కడితో ఆగాలి. నాకు గుర్తున్న వేపరెమ్మ పటాన్ని ఒక పెద్దాయన ఫ్రేము కట్టించుకుంటానని అడిగారు. ఆ పాప ఒక రోజంతా ఆలోచించి, రెండు వైపులా వేశానండీ, గోడకు పెడితే సగం కనిపించదు అని తిరిగి ఇంటికి తీసుకువెళ్లింది.

ఏప్రిల్‌లో బడి మూసేముందు ఒక పూట సర్దుబాటుకు కేటాయించండి. బ్రష్షులు గోరువెచ్చని నీళ్లలో సబ్బుతో కడిగి, వెంట్రుకలు వేళ్లతో కూచిగా సర్ది, పడుకోబెట్టి ఆరనివ్వాలి. తడిగా నిలబెడితే నీరు లోపలికి దిగి పిడి వదులవుతుంది. రంగు సీసాల మూతల అంచులు తుడిచి, పైన కొద్దిగా నీళ్లు పోసి, మూత బిగించి, ఎండ తగలని అరలో పెట్టండి. బీరువా తాళం చెవి ఒకటి ప్రధానోపాధ్యాయుల దగ్గర, రెండోది ఏడో తరగతికి వెళ్లబోతున్న పిల్లల్లో ఒకరి ఇంట్లో ఉండాలి.